దసరా సెలవులు, కారే మిద్దె, ఊటీ గోల: కందుకూరు నుంచి ఒక ఉత్తరం

ప్రశ్న: మాది కందుకూరు. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. పాపకు పదమూడేళ్లు, బాబుకు ఎనిమిది. అత్తమ్మ మాతోనే ఉంటుంది, ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఈ దసరా సెలవుల్లో హాలుకు, వరండాకు పెయింట్ వేయించాల్సిందేనని మా ఆయన పట్టుబట్టారు. పండక్కి మా ఆడబిడ్డ, అన్నయ్యగారు, పిల్లలు హైదరాబాద్ నుంచి వచ్చి నాలుగు రోజులు ఉంటారు, ఆలోపు ఇల్లు బాగుండాలట. హాల్లో ఒక మూల పైకప్పు చెమ్మపట్టి పొక్కులు లేచింది, అది వాళ్లకు కనిపించకూడదంటారు. పిల్లలేమో క్లాసులో అందరూ ఊటీ, అరకు పోతున్నారు, మనం ఎక్కడికీ పోమా అని ఒకటే గోల. అత్తమ్మకు బొమ్మల కొలువు పెట్టాలని ఉంది. పండగ ముందు నాకు కుట్టు పని కూడా ఎక్కువే. పోయిన ఏడాది ఇలాగే అన్నీ నెత్తిన పెట్టుకుని, చివరికి దసరా రోజు మేమిద్దరం మాట్లాడుకోలేదు. సెలవులంటేనే టెన్షన్‌గా ఉంది. ఏది చేయాలి, ఏది వదిలేయాలి?

సమాధానం: అమ్మా, ముందు తేల్చి చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పెయింట్ ఈ సెలవుల్లో వద్దు. మిద్దె మాత్రం ఈ సెలవుల్లోనే బాగు చేయించండి. ఊటీ వద్దు, అలాగని పిల్లలను ఇంట్లో కట్టేయడమూ వద్దు. కొలువు పెట్టండి, చిన్నది.

వీటన్నిటికంటే ముందు క్యాలెండర్ మీద మీ కుట్టు పని గంటలు రాయండి. ఉత్తరంలో ఆ విషయం ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు, నాకు మాత్రం అసలు చిక్కు అక్కడే కనిపించింది. ఇంట్లో అందరికీ సెలవులొచ్చే రోజుల్లోనే మీకు సీజన్. పండగ ముందు వారం బ్లౌజులు ఇవ్వకపోతే ఆ గిరాకీ ఇంకో వీధికి పోతుంది, మళ్లీ రాదు. అయినా పెయింటర్‌కు టీ, పిల్లలకు టిఫిన్, కొలువుకు గుగ్గిళ్లు, చుట్టాలకు వంట, అన్నీ మీ పని మధ్యలో ఎలాగో ఇరికించుకుంటారులే అనే లెక్క మీద ఈ ప్లాన్లన్నీ వేశారు. పోయిన ఏడాది గొడవకు కారణం కూడా ఇదే అయ్యుంటుంది. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మిషను దగ్గర ఉంటాను, ఆ టైములో నన్ను ఎవరూ పిలవొద్దు అని సెలవులు మొదలయ్యే రోజే ఇంట్లో చెప్పేయండి. మెల్లగా, నవ్వుతూనే చెప్పండి, కానీ చెప్పండి.

ఇక పెయింట్ సంగతి. రాష్ట్రంలో చాలా ఊళ్లలో దసరా, దీపావళికి సున్నాలు, రంగులు వేయించుకోవడం మామూలే. వాళ్లకు పెద్ద వానలు జూన్ నుంచి సెప్టెంబరు లోపు పడిపోతాయి కాబట్టి అక్కడ చెల్లుతుంది. మన నెల్లూరు, ఒంగోలు వైపు లెక్క వేరు. నైరుతి మనకు అంతంత మాత్రం, అసలు వాన ఈశాన్యానిది. అది సగటున అక్టోబరు 20 ప్రాంతంలో మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం పడే వానలో సగానికి పైగా ఈ మూడు నెలలదే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మన జిల్లాలన్నీ తడిసి ముద్దయ్యాయి, ఇవి మీకూ గుర్తుండే ఉంటాయి. అంటే మీ ఆయన రంగు వేయిస్తానంటున్నది సరిగ్గా వానకు ముందు, అదీ కారుతున్న మిద్దె కింద. లోపల చెమ్మ ఉన్నంతకాలం పైన లప్పం పెట్టినా, ఎంత ఖరీదైన పెయింట్ కొట్టినా, నాలుగు వానలకు మళ్లీ పొక్కులు లేస్తుంది, పెట్టిన డబ్బు పొడిపొడిగా కిందికి రాలుతుంది.

వానలు వెళ్లిపోయి గోడలు ఆరాక, సంక్రాంతి ముందు వేయించండి. మన వైపు రంగులకు అదే సరైన కాలం. పెయింటర్లకు అప్పుడు గిరాకీ ఎక్కువ కాబట్టి డిసెంబరు మొదట్లోనే మాట్లాడి పెట్టుకోండి.

ఇప్పుడు మిద్దె. డబ్బు పెట్టే ముందు ఒకసారి పైకి ఎక్కి, ఆ చెమ్మపట్టిన మూలకు సరిగ్గా పైన ఏముందో చూడండి. అక్కడ నీళ్ల ట్యాంకు గానీ, పైపు గానీ ఉంటే సగం కేసుల్లో వానకూ దీనికీ సంబంధం ఉండదు, ట్యాంకు నిండి పొర్లే నీళ్లో, జాయింటు దగ్గర కారే నీళ్లో లోపలికి దిగుతుంటాయి. గుర్తు పట్టడం తేలికే. మే నెలలో కూడా ఆ మచ్చ తడిగా ఉండేదా? అయితే ప్లంబర్ పని. వాన పడిన మర్నాడు పెద్దదై, తర్వాత మెల్లగా ఆరిపోతోందా? అయితే మిద్దెదే తప్పు. ఇది తెలుసుకోకుండా మేస్త్రీని పిలిస్తే ఆయన మిద్దె మొత్తం తవ్వి మళ్లీ వేద్దాం అనొచ్చు, ఆ ఖర్చు మీకు అక్కర్లేకపోవచ్చు.

మిద్దెదే అయితే ఎక్కువగా చెడేది నడి మిద్దె కాదు, పిట్టగోడ స్లాబును కలిసే మూల, నీళ్లు పోయే గొట్టం చుట్టూ ఉండే సందు. ముందు ఆకులు, మట్టి ఊడ్చేసి, నాచు ఉన్నచోట ఇనుప బ్రష్‌తో గీకి, నీళ్లతో కడిగి, బాగా ఎండనివ్వాలి. తడి మీద ఏ కోటింగూ పట్టదు. సన్నటి బీటలను కొంచెం వెడల్పు చేసి దుమ్ము దులిపి, బీటలు పూడ్చే పేస్టు పెట్టాలి. పిట్టగోడ మూలలో సిమెంటు గుండ్రంగా మెత్తితే నీళ్లు అక్కడ నిలవవు. ఆపైన వాటర్ ప్రూఫ్ కోటింగ్ రెండుసార్లు, మొదటిది నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా, మధ్యలో ఎన్ని గంటలు ఆరాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. బాగా గట్టిపడ్డాక గొట్టాలకు గుడ్డలు కుక్కి, ఒకటి రెండు అంగుళాల ఎత్తున ఒక రోజంతా నీళ్లు కట్టి ఉంచండి. కింద హాల్లో మచ్చ పెరగకపోతే పని సరిగ్గా జరిగినట్టే, అప్పుడే మిగతా డబ్బు ఇవ్వండి. వరసగా ఎండ కాసే రోజులు చూసుకుని మొదలుపెట్టాలి, ఫోన్లో అల్పపీడనం వార్త కనిపిస్తే ఆ వారం ముట్టుకోవద్దు.

పిల్లలను ఈ పనిలోకి లాగండి, ఉత్తుత్తిగా కాదు, నిజంగానే. బాబుకు నీళ్లు పోయే గొట్టాల పని ఇవ్వండి: వానలు ఆగేదాకా వారం వారం వాళ్ల నాన్నతో కలిసి పైకి వెళ్లి ఆకులు తీసేయడం. పిట్టగోడ పొట్టిగా ఉంటుంది కాబట్టి ఒంటరిగా మాత్రం పంపొద్దు. పాపకు సంక్రాంతి పెయింట్ లెక్క అప్పగించండి. హాలు పన్నెండు పదిహేను అడుగులు, ఎత్తు పది అనుకుంటే నాలుగు గోడల చుట్టుకొలత 54, దాన్ని పదితో గుణిస్తే 540 చదరపు అడుగులు, అందులో తలుపులు, కిటికీలు తీసేయాలి. లీటరు ఎంత మేర వస్తుందో డబ్బా మీద చూసి, ఎన్ని లీటర్లు కావాలో తనే చెప్పాలి. రేపు పెయింటర్ నోటికొచ్చిన కొలత చెబితే ఇంట్లో అడ్డుపడే మనిషి ఒకరుంటారు. ఎనిమిదో తరగతి పిల్లకు సెలవుల హోంవర్క్ కంటే ఇదే బాగా ఎక్కుతుంది, స్కూలు వాళ్లు ఏమనుకున్నా సరే.

ఒక్కటి మాత్రం పిల్లల చేత చేయించొద్దు. పాత తలుపులు, కిటికీ చువ్వల మీది ఎనామిల్ పెయింట్‌ను ఉప్పు కాగితంతో రుద్దడం. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదనే నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో ఎంతుందో చెప్పలేం. ఆ దుమ్ము చిన్నపిల్లల ఒంట్లోకి పోతే మెదడుకు చెరుపు. పెద్దవాళ్లయినా నీళ్లు చల్లుకుంటూ, ముక్కుకు మాస్క్ కట్టుకుని రుద్దాలి.

మీ ఆయనతో ఇదంతా ఎలా చెప్పాలి? నాకు తోచింది చెబుతాను. ఆయనకు చెల్లెలి దగ్గర మొహమాటం ఉండదు, ఆ పిల్ల ఆ ఇంట్లోనే పెరిగింది. మొహమాటమంతా బావగారి దగ్గర. అది మనసులో పెట్టుకుని, ఆయనను తప్పు పట్టకుండా డబ్బు వైపు నుంచి మాట్లాడండి: ఇప్పుడు రంగు వేస్తే జనవరిలో మళ్లీ వేయాలి, రెండుసార్లు ఖర్చు. చెల్లెలికి ఫోన్ ఆయన చేత్తోనే చేయించండి, మీరు చేయొద్దు. మీరు చెబితే వదినకు మేము రావడం ఇష్టం లేదేమో అనే మాట ఎక్కడో ఒకచోట పుడుతుంది. ఆయనే "అమ్మాయ్, మిద్దె కారుతోంది, ఈసారి అది బాగు చేయిస్తున్నా, రంగులు సంక్రాంతికే" అంటే ఆ విషయం అక్కడితో సరి. హాలును మాత్రం సర్దండి. బూజు దులిపి, కిటికీలు కడిగి, కర్టెన్లు ఉతికితే ఇల్లు సగం కొత్తదవుతుంది, దానికి ఒక పూట చాలు, అది కూడా ఆయన, పిల్లలు కలిసి చేసే పనే. పొక్కుల మూల కనిపిస్తే కనిపించనివ్వండి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చెమ్మ గోడలు ఉండవా ఏంటి!

కొలువు విషయంలో అత్తమ్మ వైపు నేను. పిల్లలకు సెలవుల్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని చేసే పని ఇంతకంటే మంచిది లేదు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలంటారు కదా, మూడు చాలు. ట్రంకు పెట్టె, దాని మీద పుస్తకాల కట్టలు, పైన ఒక తెల్ల పంచె, అయిపోయింది. ఆమె కుర్చీలో కూర్చుని ఏ బొమ్మ ఎక్కడో చెబుతుంది, పాప పెడుతుంది. బాబు పాత కార్లు, ప్లాస్టిక్ జంతువులు కింది మెట్టు ముందు ఊరో, అడవో అవుతాయి, దానికి ఆమె ఒప్పుకోవాలి మరి. కానీ రోజూ పేరంటం పెట్టారా, మీ పని అయిపోయినట్టే. ఒక్క సాయంత్రం పిలవండి, మిగతా రోజుల్లో ఎవరొస్తే వాళ్లకు పండూ తాంబూలం. ఆ ఒక్క రోజు శనగలు నానబెట్టే బాధ్యత కూడా పాపదే.

చుట్టాల నాలుగు రోజులకు వంట గురించి ఎక్కువ ఆలోచించొద్దు. ఒక పూట కర్రీ పాయింట్ నుంచి తెప్పించుకుంటే పరువేమీ పోదు. మీ ఇంట్లో నవరాత్రులకు నీచు ముట్టకపోతే చేపల పులుసు పండగ తర్వాతి రోజుకు పెట్టుకోండి. ముందు రాత్రే పెట్టేస్తే మర్నాటికి ముక్కకు పులుపు పట్టి ఇంకా బాగుంటుంది, పైగా ఆ పొద్దున మీరు పొయ్యి దగ్గర నిలబడే పని ఉండదు. ఆడబిడ్డ వంటింట్లోకి వచ్చి "నేను చేస్తా వదినా" అంటే వద్దనకండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, వద్దు వద్దు అని పంపించేసి, తర్వాత ఒక్కళ్లే ఏడుస్తారు.

తిరగడానికి మీ చుట్టుపక్కలే బోలెడుంది. అందరూ వచ్చాక ఒక రోజు భైరవకోన పెట్టుకోండి, పామూరు, సీఎస్ పురం మీదుగా దారి. ఒకే కొండను తొలిచి ఎనిమిది శివాలయాలు చెక్కారక్కడ, పక్కనే జలపాతం, ఎండాకాలంలో వెళితే సన్నటి ధార తప్ప ఏమీ ఉండదు, వానలు పడ్డాకే చూడాలి. బాబుకు నీళ్లు, పాపకు ఆ గుహల ముందు ద్వారపాలకులు, ఇద్దరికీ నచ్చుతుంది. తెల్లారి ఆరింటికి పులిహోర, పెరుగన్నం కట్టుకుని బయల్దేరితే చీకటి పడేలోపు ఇంట్లో ఉంటారు. బండలు జారుతాయి, పిల్లలకు పాత చెప్పులు వేసి పంపకండి. ముందు రోజు అక్కడ గట్టి వాన పడిందని తెలిస్తే మానేయండి, కొండ నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి.

మెట్లూ నడకా ఉండే చోటికి అత్తమ్మను లాక్కెళ్లడం ఆమెకూ కష్టం, మీకూ కష్టం. ఆమె కోసం వేరే రోజు. జొన్నవాడ కామాక్షమ్మ దగ్గరికి వెళ్లండి, నవరాత్రుల్లో అమ్మవారి అలంకారాలు చూడటం ఆమెకు ఇష్టంగా ఉంటుంది, పక్కనే పెన్నా. అటునుంచి నెల్లూరు వచ్చి రంగనాయకుల గుడి చూసుకుని, పిల్లలకు మలై కాజా కొనిపెట్టి కావలి మీదుగా వచ్చేయొచ్చు. దగ్గర్లో మాలకొండ ఉంది కదా అంటారేమో, గుడి శనివారం మాత్రమే తెరుస్తారు, సెలవుల్లో శనివారం అక్కడ జనం ఎలా ఉంటారో మీకు నేను చెప్పాలా?

సముద్రం కావాలంటే రామాయపట్నం, పాకల మీకు దగ్గర, సాయంత్రం నాలుగింటికి వెళ్లి రావచ్చు. ఈ కాలంలో మాత్రం పాదాలు తడిస్తే చాలు, మోకాలు దాటొద్దు. పైకి ప్రశాంతంగా కనిపించినా కింద నీళ్లు లోపలికి లాగుతుంటాయి. సెలవుల్లో మునిగిపోయిన పిల్లల వార్తలు మన తీరంలో ఏటా చదువుతూనే ఉన్నాం. పిల్లలు నీళ్ల దగ్గర ఉన్నంతసేపు ఒక పెద్ద మనిషి ఫోన్ జేబులో పెట్టుకుని వాళ్లనే చూస్తూ నిలబడాలి, ఆ మనిషి ఎవరో బండి దిగేటప్పుడే అనుకోండి. నేలపట్టు పక్షుల కేంద్రం ఇప్పుడు వద్దు. గూడబాతులు అక్టోబరు నుంచి రావడం మొదలుపెట్టినా, వానలకు చెరువు నిండి, చెట్ల మీద గూళ్లు కనిపించాలంటే ఇంకా టైముంది. సంక్రాంతి సెలవులకు దాన్ని ఉంచుకోండి, పులికాట్‌లో రాజహంసలనూ ఆ దారిలోనే చూడొచ్చు.

ఊటీ గురించి పాపకు "డబ్బుల్లేవు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. లెక్క చూపించండి. సింగరాయకొండలో రైలెక్కి చెన్నై, అక్కడ రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని మేట్టుపాళయం, ఆపైన కొండ దారి. పోనూ రానూ ప్రయాణానికే సెలవుల్లో పెద్ద భాగం పోతుంది, దసరాకు తమిళనాడు, కర్ణాటక వాళ్లంతా కూడా అక్కడే ఉంటారు, గదుల అద్దెలు ఎలా ఉంటాయో తననే ఫోన్లో చూడమనండి. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి ఎప్పుడు పోవాలో ఇప్పుడే అనుకుంటే, ఎప్పుడు టికెట్లు తీయాలో, ఎంత దాచాలో ఆ పిల్లే రాసి పెడుతుంది. ఈ మాట ఇస్తే మాత్రం నిలబెట్టుకోండి, పదమూడేళ్ల పిల్ల ఏదీ మర్చిపోదు.

ఆడబిడ్డ వాళ్లు ఎటూ వచ్చాం కదా, తిరుపతి పోయొద్దాం అనే అవకాశం ఉంది, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు మన ఊరు నుంచి దగ్గరనిపిస్తుంది. తిరుమలలో బ్రహ్మోత్సవాలు కూడా దాదాపు నవరాత్రుల్లోనే వస్తాయి. ముందుగా దర్శనం టికెట్లు తీసుకోకుండా ఆ రద్దీలో అత్తమ్మ మోకాళ్లతో, ఎనిమిదేళ్ల పిల్లాడితో క్యూలో నిలబడటం నేనైతే ఒప్పుకోను. వాళ్లకు అంత మొక్కు ఉంటే వాళ్లు నలుగురూ వెళ్లి రావచ్చు, ఆ రెండు రోజుల్లో మీ బ్లౌజులు పూర్తవుతాయి.